భయాన్ని మెదడు ఎలా నేర్చుకుంటుంది?

పుదుచ్చేరి పట్టణ దక్షిణ భాగంలో, సముద్రానికి చేరువగా ఉన్న ప్రాంతం ఉప్పళం. తమిళంలో ఈ మాటకు ఉప్పుమడి అని అర్థం. 2004 డిసెంబరు 26న సునామీ, 2011 డిసెంబరు 30న థానే తుపాను, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఈ తీరాన్ని తాకాయి. ఫెంగల్ సమయంలో పుదుచ్చేరిలో 24 గంటల్లోనే 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. ఇటువంటి విపత్తులను చవిచూసిన వారిలో కొందరికి, ఏళ్లు గడిచినా, గాలి హోరు వినగానే గుండె దడ మొదలవుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపానును ఎరిగిన యానాం, కోనసీమ వాసులకూ ఇది తెలియని అనుభవం కాదు. గాలి శబ్దానికీ భయానికీ ఈ ముడి ఎలా పడుతుంది? అది సడలుతుందా? ఈ ప్రశ్నలకు నాడీశాస్త్రం కొంతవరకు సమాధానం చెబుతోంది.

ముప్పును పసిగట్టే కేంద్రం

మెదడులో రెండు వైపులా, కణతల లోపలి భాగంలో, బాదం గింజ ఆకారంలో ఉండే కణసముదాయాన్ని అమిగ్డలా అంటారు. ముప్పును గుర్తించడంలో దీనిదే కీలక పాత్ర. కంటికి, చెవికి అందిన సమాచారం రెండు దారుల్లో దీనిని చేరుతుందని అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ ప్రతిపాదించారు. ఒకటి వేగవంతమైన అడ్డదారి. రెండవది మెదడు పైపొర గుండా సాగే, నిదానంగా పరిశీలించే దారి. చీకట్లో తాడును చూసి పామని ఉలిక్కిపడటం మొదటి దారి పని. అది తాడేనని తేల్చడం రెండవ దారి పని.

అమిగ్డలా నుంచి సంకేతం అందగానే హైపోథాలమస్ ద్వారా అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తప్రసరణ అధికమవుతుంది. మనిషి కొయ్యబారిపోవడం, పారిపోవడం, ఎదురు తిరగడం ఈ స్థితిలో కనిపించే ప్రతిస్పందనలు.

పాఠం ఎలా పడుతుంది?

ఒక శబ్దాన్ని వినిపించి, వెంటనే స్వల్పంగా విద్యుదాఘాతం ఇస్తే, కొద్దిసార్లకే ఎలుక ఆ శబ్దం వినగానే కదలక నిలిచిపోతుంది. అంతకు ముందు ఆ శబ్దానికి ఏ అర్థమూ లేదు. గాలి హోరుకు తుపాను జ్ఞాపకం తోడవడమూ ఇటువంటిదే. ఆపద ఎక్కడ, ఏ పరిస్థితిలో ఎదురైందో నమోదు చేయడంలో హిప్పోక్యాంపస్ తోడ్పడుతుంది.

భయాన్ని ఇతరులను చూసి కూడా నేర్చుకోవచ్చు. ప్రయోగశాలలో పెరిగిన, పామంటే భయపడని కోతులు, భయపడుతున్న మరో కోతిని చూసి పాముకు జంకడం నేర్చుకున్నాయని 1980వ దశకంలో సూసన్ మినెకా బృందం నిరూపించింది. పిల్లలు కూడా పెద్దల ముఖాలను చూసి భయాన్ని నేర్చుకోగలరు.

బెంగళూరు పరిశోధన

బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలపై ఈ రంగంలో ముఖ్యమైన పరిశోధన చేసింది. దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల శాఖలు కుదించుకుపోగా, అమిగ్డలాలో అవి పెరిగాయని 2002లో వెల్లడించింది. ఒకే ఒక్కసారి కలిగిన తీవ్ర ఒత్తిడి ప్రభావం మరునాడు కనిపించకపోయినా, పది రోజుల తరువాత అమిగ్డలాలో కొత్త నాడీ సంధి స్థానాల రూపంలో బయటపడిందని 2005లో తెలిపింది. ఎలుకల్లో తేలిన విషయాన్ని మనుషులకు యథాతథంగా అన్వయించలేం. అయితే విపత్తు ముగిసిన కొన్నాళ్లకు మానసిక బాధ తలెత్తడం వైద్యులు గమనించిన విషయమే.

భయం చెరిగిపోతుందా?

ఆఘాతం లేకుండా శబ్దాన్ని మాత్రమే పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది. కానీ పాత జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోదు. తగ్గిన ప్రతిస్పందన కొంతకాలానికి తిరిగి రావడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లోనే గమనించారు. 'ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న కొత్త పాఠాన్ని మెదడు నేర్చుకుంటుంది. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దాని సాయంతో అమిగ్డలాను అదుపు చేస్తుంది. సముద్రం వైపు చూడటమే మానేసిన వ్యక్తికి ఈ కొత్త పాఠం నేర్చుకునే అవకాశమే దొరకదు. అందుకే నిపుణుల పర్యవేక్షణలో, భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేయడం చికిత్సలో ప్రధాన భాగమైంది.

సాయం ఎప్పుడు కోరాలి?

విపత్తు తరువాత కొన్ని రోజుల ఆందోళన సహజం. పీడకలలు, వద్దన్నా మెదిలే దృశ్యాలు, జరిగినచోటికి వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే వైద్యులను సంప్రదించాలి. ఈ రుగ్మతను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ప్రత్యేకంగా గుర్తించింది. పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుపై ఉచితంగా, రాత్రింబవళ్లు పొందవచ్చు.

తుపాను హెచ్చరిక వినగానే పడవను ఒడ్డుకు చేర్చి, కుటుంబాన్ని సురక్షిత ప్రాంతానికి తరలించేలా చేసే భయం ప్రాణరక్షకమే. హెచ్చరిక ఉపసంహరించిన తరువాత కూడా అది వదలనప్పుడే చికిత్స అవసరమవుతుంది.