ఏలికపాము పుట్టుపూర్వోత్తరాలు

అద్దంకి చుట్టుపక్కల నేల చాలావరకు నల్లరేగడి. వాన పడితే కాలికి అంటుకుని వదలదు, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికీ మిరపకూ పనికొచ్చే ఈ బంకమట్టి ఏలికపాము గుడ్డుకూ బాగా పనికొస్తుంది. తేమా నీడా దొరికితే ఆ గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. నేరుగా ఎర్రటెండ తగిలితే, పూర్తిగా ఎండిపోతే చస్తుంది. రోహిణీ కార్తెలో చేను నడిమధ్య నిలవలేని గుడ్డు పెరట్లో నీళ్లతొట్టి పక్కనా, అరటిచెట్టు మొదట్లోనూ, కాలవగట్టు నీడలోనూ నిక్షేపంగా ఉంటుంది. అందుకే ఈ పాము చరిత్రను పొట్టలోంచి కాకుండా మట్టిలోంచి చెప్పుకురావాలి.

ఆడపాము 20 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. మనిషి చిన్నపేగులో ఏడాది, రెండేళ్లు బతుకుతుంది. రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. మలంతో బయటపడిన నాడు ఆ గుడ్డు ఎవరికీ హాని చేయలేదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తేనే లోపల పిల్లపురుగు తయారవుతుంది. ఆ తర్వాత ఆటలాడి కడుక్కోని చేతులతోనో, పచ్చిగా కొరికిన ముల్లంగితోనో నోట్లోకి చేరుతుంది. బెల్లం తింటే, పచ్చిబియ్యం నమిలితే పొట్టలో పాములు పడతాయని మన ఇళ్లలో పిల్లల్ని కసురుతుంటారు. బెల్లానికి ఇందులో ఏ సంబంధమూ లేదు. బెల్లం ముక్క పట్టుకున్న చెయ్యి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చూడాలి.

మనిషికీ దీనికీ సహవాసం ఎన్ని వేల ఏళ్లదో! ఈజిప్టులో క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంలో రాసిన వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్‌లో కడుపులో పురుగులకు మందులున్నాయి. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ల పార్కింగు కింద బయటపడింది. కటి ఎముకల దగ్గరి మట్టిని పరీక్షిస్తే ఏలికపాము గుడ్లు కనిపించాయి. రాజు పొట్ట కూడా దీనికి మినహాయింపు కాదు. మన దేశంలో అథర్వవేదంలోనే క్రిములను పారదోలే మంత్రాలున్నాయి. చరకసంహిత 20 రకాల క్రిములను పేర్కొంటుంది. వాటికి చరకుడు చెప్పిన చికిత్స మూడు భాగాలు: ఉన్న పురుగును బయటికి లాగేయడం, అది పెరగడానికి వీలైన స్థితిని చెరపడం, అసలు కారణానికి దూరంగా ఉండటం. ఇందులో మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాతి రెండు వేల ఏళ్లూ మనుషులు ఎక్కువగా మొదటిదానితోనే కాలక్షేపం చేశారు.

మన ఇళ్లలో ఆ మొదటి పని వాయువిడంగాలు చేశాయి, మోదుగ గింజలు చేశాయి, వేపచిగురు ముద్ద చేసింది. తెల్లవారుజామున ముక్కు మూసి పట్టించే ఆముదం సరేసరి. ఈ మందుల్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆస్పత్రి ఆమడ దూరంలో ఉన్న కాలంలో తల్లుల చేతిలో ఉన్నవి అవే. యూరపు దగ్గరా అప్పట్లో ఇంతకంటే గొప్పది లేదు. 1830లో ఒక మొక్క మొగ్గల నుంచి తీసిన శాంటోనిన్ అక్కడ పేరుమోసిన మందు. అది పుచ్చుకుంటే కొందరికి లోకమంతా పసుపుపచ్చగా కనిపించేది.

ఈ పురుగుకు ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1758లో శాస్త్రీయ నామం పెట్టాడు గానీ, అది ఒంట్లో నడిచే దారి మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా తెలియలేదు. మింగిన గుడ్డు పేగులో పగిలి అక్కడే పెరుగుతుందనుకున్నారు. 1916లో హాంకాంగ్‌లో ఫ్రాన్సిస్ స్టీవర్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు ఎలుకలకు గుడ్లు తినిపించి చూస్తే పిల్లపురుగులు ఊపిరితిత్తుల్లో దొరికాయి. మనిషిలోనూ అంతేనా అన్నది తేల్చింది జపాన్ వైద్యుడు షిమెసు కొయినో. 1922లో ఆయన 2,000 గుడ్లు తానే మింగాడు. తమ్ముడికి పంది ఏలికపాము గుడ్లు 500 ఇచ్చాడు. కొద్దిరోజుల్లో కొయినోకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. తన కఫంలోనే పిల్లపురుగుల్ని చూశాడు. తర్వాత మందు వేసుకుంటే 667 పాములు పడ్డాయి. పేగు గోడను చీల్చుకుని రక్తంలో కలిసి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడ రెండు వారాలు పెరిగి, గొంతులోకి పాకి, మళ్లీ మింగుడుపడి పేగుకు రావడం దీని యాత్ర. గుడ్డు మింగిన రెండు మూడు నెలలకు ఆడపాము తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

మందుల చరిత్రలో మన తెలుగువాడి పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించారు. బోదకాలు మీద ఆయన బృందం 1947లో హెట్రజాన్ తెచ్చింది. ఆ మందు ఏలికపాముల మీదా పనిచేస్తుందని తేలి, పిల్లలకు సిరప్‌గా ఇచ్చారు. మరుసటి ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. 1950లలో అదే రసాయన కుటుంబానికి చెందిన పైపరజీన్ చౌకగా వచ్చి ఆ చోటు తీసుకుంది. అది పామును చంపకుండా చచ్చుపడేస్తుంది, పేగు కదలికే దాన్ని బయటికి నెడుతుంది. ఆపైన పశువుల కోసం 1970లలో తయారైన ఆల్బెండజోల్ మనుషులకూ వచ్చింది. పురుగుకు చక్కెర అందకుండా చేసి మాడ్చి చంపే మందిది. ఇవాళ బళ్లో చప్పరించి నమలమని ఇచ్చే 400 మిల్లీగ్రాముల బిళ్ల అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లోనే బడిపిల్లలకు పెద్ద ఎత్తున ఈ బిళ్లలు పంచింది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం మొదలుపెట్టింది. ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వరకు అందరికీ బిళ్ల. చాలా మంచి పని. రక్తహీనతతో వాడిపోయిన పిల్లలు, పాములు ఉండచుట్టుకుని పేగు అడ్డుపడితే బల్లమీద కోయాల్సివచ్చిన పిల్లలు ఎందరెందరో. వాళ్ల తల్లుల్ని అడిగితే ఈ బిళ్ల విలువ చెబుతారు.

అయితే బిళ్ల పొట్టను శుభ్రం చేస్తుంది, పెరటి మట్టిని చేయలేదు. వివిధ దేశాల అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి 2012లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, మందు వేసిన ఆరు నెలలకే ఏలికపాముల బెడద మునుపటి స్థాయిలో 68 శాతానికి, ఏడాదికి 94 శాతానికి చేరుతోంది. అంటే ఏడాది తిరిగేసరికి దాదాపు మొదటికే.

దక్షిణ కొరియా ఈ ఊబిలోంచి బయటపడింది. 1963లో జియోంజు ఆస్పత్రిలో తొమ్మిదేళ్ల పాప కడుపులోంచి 1,063 పాములు తీశారు, పాప దక్కలేదు. ఆ చావు దేశాన్ని కుదిపింది. 1966లో పరాన్నజీవుల నివారణకు చట్టం చేశారు. బడిపిల్లలకు ఏటా రెండుసార్లు మలపరీక్ష, పాము ఉంటే మందు. అదే కాలంలో పచ్చి మలాన్ని పొలానికి ఎరువుగా వేసే అలవాటు పోయింది, ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాయి. 1971లో సగానికి మించిన జనానికి ఉన్న ఏలికపాములు శతాబ్దం చివరికి దాదాపు మాయమయ్యాయి. చరకుడు చెప్పిన మూడోది అక్కడ నిజంగా జరిగింది.

మన దగ్గర ఫిబ్రవరి 10 బిళ్ల రోజు. తప్పిన వాళ్లకు మరో వారంలో మళ్లీ ఇస్తారు. ఆ రోజుల్లోనే ఈ మైదానంలో మిరపకోతలు. కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు, ప్రకాశం పొలాలకు వచ్చి, కోతలు అయ్యేదాకా గుడారాల్లో ఉంటారు. ఆ పిల్లల పేరు సొంతూరి బడి హాజరుపట్టీలో ఉంటుంది, వాళ్లేమో ఇక్కడ మిరప కళ్లాల మధ్య ఆడుకుంటుంటారు. పొలంలో మరుగుదొడ్డి ఉండదు. కాలవ నీళ్లు పారిన చేలో నీడా, తేమా ఉంటాయి. అంగన్‌వాడీలో చేరని, బడికి రాని పిల్లలకూ బిళ్ల ఇవ్వాలని కార్యక్రమం నియమాల్లోనే ఉంది. కాబట్టి ఆశా కార్యకర్త ఆ వారం కళ్లాల దాకా వెళ్లాలి, పంచాయతీ కోతల కాలానికి గుడారాల దగ్గర తాత్కాలిక మరుగుదొడ్లూ, చేతులు కడుక్కోవడానికి నీళ్ల డ్రమ్మూ సబ్బూ పెట్టించాలి. రైతులు కూలీ రేటు మాట్లాడుకునేటప్పుడే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.