ఇంజినీరింగ్ వర్క్‌షాప్‌లు (అంగళ్లు – కుప్పం ప్రాంతం)

అంగళ్లు కురబలకోట మండలంలోని ఊరు, మదనపల్లె నుంచి కదిరి వెళ్ళే దారిలో ఉంది. ఈ దారి 42వ నంబరు జాతీయ రహదారిలో భాగం. ఆ రహదారి అనంతపురం వైపు నుంచి వచ్చి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి క్రిష్ణగిరి చేరుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థుల చేతికి ఆకురాయి, టంకం కడ్డీ అందించిన వర్క్‌షాప్‌ల చరిత్ర ఈ ప్రాంతంలో చిన్నదే అయినా విలువైనది.

కొలిమి, ఉలి, మగ్గం ఇక్కడ తరతరాలవి. ఆ విద్యలు ఇంట్లో పెద్దల పక్కన కూర్చొని నేర్చుకున్నవి. మదనపల్లెను ఆనుకొని ఉన్న నీరుగట్టువారిపల్లెలో నేటికీ పట్టుచీరలు నేస్తారు.

మద్రాసులో 1794లో మొదలైన సర్వే పాఠశాల తరవాతి కాలంలో గిండీ ఇంజినీరింగ్ కళాశాలగా ఎదిగింది. రాయలసీమకు అలాంటి చదువు 1946లో ఏర్పడిన అనంతపురం కళాశాలతో వచ్చింది. అదీ మొదట గిండీలోనే నడిచి 1948లో అనంతపురం చేరింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల 1959లో ప్రారంభమైంది.

ఈ కళాశాలల వర్క్‌షాప్ పద్ధతే తరవాత వచ్చినవాటికి ఒరవడి. వడ్రంగం, ఫిట్టింగ్, రేకుపని, పోతపని, ఇంటి వైరింగ్ అందులో విభాగాలు. ఇక్కడ ‘జాబ్’ అంటే ఉద్యోగం కాదు, ఆ రోజు చేసి చూపవలసిన వస్తువు. ఫిట్టింగ్‌లో రెండు ఇనుప పలకలను ‘వి’ ఆకారంలో ఒకదానిలో ఒకటి అతికేలా ఆకురాయితో అరగదీయాలి. వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు సందు కనిపిస్తే మళ్ళీ మొదటికి. వైరింగ్‌లో గోడౌన్ లైటింగ్ చక్కని పాఠం: లోపలికి నడుస్తూ ఒక్కో స్విచ్చి వేస్తే ముందున్న దీపం వెలిగి, వెనకది ఆరిపోతుంది. తీగ ఎక్కడ తప్పు కలిపినా దీపమే చెప్పేస్తుంది.

అంగళ్లులో 1998లో మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఏర్పడింది. 2001లో కుప్పం ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. అదే కాలంలో కుప్పం చుట్టూ రెండు ప్రయత్నాలు నడిచాయి. 1999లో ఏర్పడిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ గుడివంకలో 172 ఎకరాల ప్రాంగణాన్ని తీర్చిదిద్దింది. చవకగా దొరికే వస్తువులతో విజ్ఞాన నమూనాలు చేయించి, వాటిని వాహనాల్లో పల్లె బడులకు చేర్చింది. అది బడి పిల్లల కోసం పుట్టిన సంస్థే అయినా, పిల్లల చేతికి పరికరం అందించడంలో ఈ ప్రాంతానికి అది చూపిన దారి మెచ్చదగినది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టింది. అందులో పల్లె మహిళలు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లు పట్టుకొని ఫోటోగ్రాఫర్లయ్యారు.

ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో 1972 నాటి 555 టైమర్, 1980 నాటి 8051 మైక్రోకంట్రోలర్ చాలాకాలం ఏలాయి. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో బోర్డు పని తేలిక చేసింది. బ్రెడ్‌బోర్డు మీద తీగలు గుచ్చి, కంప్యూటర్ నుంచి ప్రోగ్రాం ఎక్కిస్తే ఒక పూటలో ఫలితం కనిపిస్తుంది.

బోర్లను నమ్ముకున్న ఈ టమాటా సీమకు బాగా దగ్గరైన ప్రాజెక్టు నేల తేమను బట్టి మోటారు వేసేది. మట్టిలో గుచ్చిన రెండు కడ్డీల మధ్య తేమ పెరిగితే విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును ఆర్డుయినో యూనో 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. నేల ఎండిందని అంకె చెబితే రిలే పడుతుంది. అయితే త్రీఫేజ్ మోటారును ఆ చిన్న రిలే మోయలేదు. అది స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇవ్వాలి. కడ్డీల్లో ఎప్పుడూ డీసీ పారుతూ ఉంటే విద్యుద్విశ్లేషణ వల్ల అవి అరిగిపోతాయి. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇవ్వాలన్న తెలివి, తుప్పుపట్టిన కడ్డీని మట్టిలోంచి పీకి చూసినవారికి త్వరగా వస్తుంది.

2022లో జిల్లాల విభజనతో అంగళ్లు, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి. పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే నిలిచాయి. 2023లో జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చింది. మొదటి ఏడాదిలో ఇంజినీరింగ్ వర్క్‌షాప్‌తోపాటు ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్ పెట్టారు. పాత ‘వి’ ఫిట్టింగ్ పక్కనే సైకిల్ పంక్చర్ వేయడం, ద్విచక్రవాహనం టైరు మార్చడం చేరాయి. వైరింగ్‌లో తీగలకు టంకం వేయడం ఉంది. మూడో ఏడాదికి టింకరింగ్ ల్యాబ్ కేటాయించారు.