గోయా ముద్రణచిత్రాలలో వృషభయుద్ధం: బరి – ప్రేక్షకుడు

స్పెయిన్ వృషభయుద్ధ చిత్రాలలో ఎద్దును ప్రకృతిశక్తికీ, యోధుణ్ణి మానవప్రజ్ఞకూ ప్రతీకలుగా గ్రహించడం పరిపాటి. ఫ్రాన్సిస్కో గోయా (1746–1828) రచించిన ‘లా తౌరోమాకియా’ చిత్రమాలకు ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. అందులోని ప్రతీకార్థం ఎద్దులో కంటె, బరికీ ప్రేక్షకులకూ నడుమ ఉన్న హద్దులో ఉన్నదని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ మాల 33 చిత్రాలతో 1816లో మాడ్రిడ్‌లో వెలువడింది. రాగిరేకుపై ఆమ్లంతో గీతలను తొలిపించే ఎచింగ్‌కు, నీడలలో తరతమభేదాలు చూపే ఆక్వాటింట్‌ను గోయా జోడించాడు. తొలి చిత్రాలలో ప్రాచీనుల వేట, మూర్ల క్రీడ, ఎల్ సిద్, అయిదవ చార్లెస్ చక్రవర్తి సాహసాలు కనబడతాయి. ఇంతవరకు ఇది వీరగాథయే. అయితే చివరి చిత్రం పెపె ఇయ్యో మరణం. తన పేరిట వృషభయుద్ధ శాస్త్రగ్రంథమే వెలువడిన ఆ ప్రసిద్ధ యోధుడు 1801లో మాడ్రిడ్ బరిలో కొమ్ములకు బలి అయ్యాడు. శాస్త్రజ్ఞానం అతనిని రక్షించలేదు. ప్రజ్ఞావిజయమనే వ్యాఖ్య ఇక్కడ నిలవదు.

ఈ మాలకు కీలకం 21వ చిత్రం. ఎద్దు కంచె దాటి ప్రేక్షకుల మెట్లపైకి వచ్చింది. టొర్రెహోన్ గ్రామాధికారి శవం దాని కొమ్ములపై వేలాడుతున్నది. జనమంతా కుడివైపున కిక్కిరిసి ఉండగా, ఎడమవైపు మెట్లు దాదాపు శూన్యం. పారిపోయినవారి భయాన్ని ఆ ఖాళీ కాగితమే చెబుతున్నది. చూడవచ్చినవాడే ఇక్కడ మృతుడు.

1808–1814 నాటి యుద్ధం ముగిసిన వెంటనే వచ్చినది ఈ మాల. గోయా ‘యుద్ధ విపత్తులు’ చిత్రాలు మాత్రం అతని మరణానంతరం, 1863లో గాని వెలుగు చూడలేదు. ‘తౌరోమాకియా’ను యుద్ధానికి నేరుగా రూపకమనడానికి చిత్రశీర్షికలు ఆధారమివ్వవు. కాని హింసను దూరాన నిలిచి చూడడం సాధ్యమా అన్న ప్రశ్న రెండింటికీ సమానం.

1825లో, బోర్డోలో ఉండగా, గోయా చేసిన నాలుగు శిలాముద్రణ చిత్రాలు ఈ ప్రశ్నను కొనసాగించాయి. వాటిలో ‘స్పెయిన్ వినోదం’ అనేదానిలో జనమే బరిలోకి దిగి ఎద్దుల నడుమ నిలిచారు. 21వ చిత్రంలో మృగం దాటిన హద్దును ఇక్కడ మనుష్యులు తామే దాటారు. కనుక గోయా బరి యోధుని పరీక్షాస్థలం మాత్రమే కాదు. వినోదం కోరి వచ్చిన సమాజానికి కూడ పరీక్షాస్థలం.