పొగచూరిన గోడల చరిత్ర

చరిత్రమనగా రాజుల యుద్ధములనియు, వేలూరనగా కోట యనియు మనము చిన్ననాట చదువుకొంటిమి. కాని పొగకును ఒక చరిత్ర కలదు. అది శాసనములందు గాక మన పాత యిండ్ల వంటగది గోడలమీద వ్రాయబడియున్నది. దానినే యిచట నాలుగు మాటలలో విన్నవింపదలచితిమి.

1856వ సంవత్సరము జూలై 1వ తేదీన దక్షిణదేశపు మొదటి రైలు రాయపురము నుండి వాలాజా రోడ్డునకు వచ్చెను. మన పెద్దలు దానికి పెట్టిన పేరు పొగబండి. ఆనాడు పొగ అభివృద్ధికి గుర్తు. తరువాతి కాలమున గుడియాత్తములో చేనేతతోపాటు అగ్గిపెట్టెల పరిశ్రమయు వృద్ధి పొందెను. ఆ పుల్లలు వెలిగించిన పొయ్యిలెన్నియో! వాని ముందు ఊదుగొట్టము పట్టుకొని కూర్చున్నది మన అవ్వలు, అమ్మలు. కట్టెల పొగలో, పిడకల పొగలో వారి కన్నులు ఎఱ్ఱబడెను. ముదిమిలో దగ్గు వారిని విడువలేదు. ముసలితనపు దగ్గులే అని మేము ఊరకుంటిమి. ఏండ్ల తరబడి పీల్చిన పొగ ఊపిరితిత్తులను చెఱచునని మేము తెలిసికొనునప్పటికి వారు లేరు.

వాయు కాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చెను. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి 1982లో ఏర్పడెను. అయితే చట్టమునకు ప్రాణము పోయువారు పౌరులే. తోళ్లు పదును చేయు కర్మాగారముల మురుగు పాలారును చెఱచుచున్నదని వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 1996 ఆగస్టు 28న తీర్పు వెలువడెను. కీడు మూడకమునుపే జాగ్రత్తపడవలెననియు, చెఱచినవాడే పరిహారము చెల్లింపవలెననియు చెప్పు రెండు సూత్రములు మన దేశపు చట్టములో భాగములని న్యాయమూర్తులు ప్రకటించిరి. వ్యాజ్యము నీటిని గూర్చినదే. సూత్రములు గాలికిని వర్తించును.

పిమ్మట ప్రభుత్వములు వంటయింటి గడపయు దాటినవి. 2006 తరువాత తమిళనాడు ప్రభుత్వము పేదలకు ఉచితముగా గ్యాసు పొయ్యిలనిచ్చెను. 2016లో కేంద్రము ఉజ్జ్వల పథకమును ప్రారంభించెను. మన అవ్వలకు దొరకని మేలు మన మనుమరాండ్రకు దొరకినది.

అంతటితో పొగ తీరినదా? తీరలేదు, దూరము జరిగినది. మన యింట మీట నొక్కినచో పొగ కానరాదు. అది నైవేలి వంటి చోట్ల, లిగ్నైటును బొగ్గును కాల్చు విద్యుత్కేంద్రముల గొట్టములలో లేచును. జీవితమంతయు గుమాస్తా లెక్కలు వ్రాసినవారము గనుక ఒక లెక్క చెప్పెదము. 60 వాట్ల పాత బల్బునకు బదులు 9 వాట్ల ఎల్‌ఇడి దీపము అంతే వెలుగునిచ్చును. ఇంట నాలుగు దీపములు మార్చి, దినమునకు అయిదు గంటలు వెలిగించినచో, దినమునకు ఒక యూనిటు మిగులును. బొగ్గుతో ఒక యూనిటు పుట్టించుటకు అర కిలోకు పైగా బొగ్గు కాలును. అనగా ఒక్క యిల్లు సంవత్సరమునకు 180 కిలోలకు పైగా బొగ్గును కాలకుండ ఆపగలదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము, ఫ్యానులపై ఫ్రిజ్జులపై కనబడు నక్షత్రపు గుర్తులు ఈ లెక్క కొఱకే. చట్టము గుర్తు వేయగలదు. చూచి కొనవలసినది మనము.

ఇంకొక మాట. తెలుగువారమై భోగిమంట వేయకుందుమా అని కొందఱు మమ్ము అడుగుదురు. తప్పక వేయుదము. కాని మన అవ్వలు వేసినవి పిడకలు, ఎండుకట్టెలు. టైర్లు, ప్లాస్టికు వేయలేదు. కాలుష్య నియంత్రణ మండలి భోగికి చేయు విన్నపమును మన ఆచారమునకు అడ్డమని తలపవలదు. వీధికి ఒక్క చిన్న మంట చాలును. ఆ మంట చుట్టును పిల్లలకు మన భాషలో నాలుగు మాటలు చెప్పుదము. ఆచారము నిలుచునది పొగలో కాదు, ఆ మాటలలో.

గోడల పొగచూరును సున్నముతో మాపవచ్చును. ఊపిరితిత్తులకు వెల్లవేయు మేస్త్రి లేడు. ఈ సంగతి మన బిడ్డలు మనకంటె ముందుగా గ్రహింతురుగాక.