ప్రిఫెక్టు పేరు పెట్టుకున్న చెత్తడబ్బా

ఫ్రాన్స్‌లో చెత్తడబ్బాను 'పుబెల్' అంటారు. పసిపిల్లల నుంచి మంత్రుల దాకా అందరిదీ అదే మాట. అది ఒక మనిషి ఇంటిపేరని గుర్తున్నవాళ్లు తక్కువ.

యూజేన్ పుబెల్ 1831లో నార్మండీలోని కాన్ పట్టణంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, చాలాకాలం ఆ పాఠాలే చెప్పి, తర్వాత పరిపాలనలోకి వచ్చాడు. 1883లో పారిస్ ఉన్న సేన్ ప్రాంతానికి ప్రిఫెక్టు, అంటే పాలనాధికారి, అయ్యాడు. ఆ రోజుల్లో పారిస్‌కు మేయర్ లేడు. నగరం బాగోగులన్నీ ప్రిఫెక్టే చూసుకోవాలి. 1881 జనాభా లెక్కల ప్రకారం పారిస్‌లో 22 లక్షల పైచిలుకు మనుషులున్నారు. అంతమంది వంటింటి చెత్త, పొయ్యిలో బూడిద, చిరిగిన గుడ్డలు, ఆల్చిప్పల పెంకులు రాత్రికి రాత్రి గుమ్మాల ముందు కుప్పలయ్యేవి. తెల్లారాక గుర్రపు బండ్లు వచ్చి ఎత్తుకెళ్లేవి. ఈలోపు వాన వస్తే కుప్ప కాస్తా వీధంతా పారేది.

ఇంటి చెత్తను బుట్టల్లో పెట్టాలని 1539లో రాజశాసనమే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. పుబెల్ చేసిన అసలు తేడా ఇది. డబ్బా ఉండాలనడంతో ఆగకుండా, దాన్ని ఎవరు కొనాలో కూడా రాశాడు.

1883 నవంబరు 24న ఉత్తర్వు వెలువడింది. 1884 జనవరి 15 నుంచి అమలు. ప్రతి భవనానికీ దాని యజమాని తన సొంత ఖర్చుతో మూత ఉన్న డబ్బాలు పెట్టాలి. అద్దెకున్నవాళ్లు అందులోనే వేయాలి. డబ్బా 40 నుంచి 120 లీటర్లు పట్టేలా ఉండాలి. చెక్కతో చేస్తే లోపలివైపు రేకు తొడిగించాలి, ఏదీ కారకూడదు. అంత నిశితంగా ఆలోచించిన ఉత్తర్వు అది. కారే డబ్బా, మనిషి ఎత్తలేని డబ్బా ఉన్నా లేనట్టేనని ఆయనకు తెలుసు. ఇంకో అడుగు ముందుకేసి చెత్తను మూడుగా వేరు చేయమన్నాడు. కుళ్లిపోయేవి ఒకదాంట్లో, కాగితాలూ గుడ్డలూ ఒకదాంట్లో, గాజు, పింగాణీ పెంకులు, ఆల్చిప్పలు ఇంకోదాంట్లో. మన తడి చెత్త, పొడి చెత్త అప్పటికే ఆయన కాగితం మీద ఉన్నాయన్నమాట.

యజమానులు గొడవ చేశారు. కొనే ఖర్చు మాకెందుకన్నారు. మోసే పని తమ మీద పడిందని భవనాల కాపలాదారులూ కోపగించారు. జనవరిలోనే 'లె ఫిగారో' పత్రిక ఈ డబ్బాలకు 'పుబెల్ పెట్టెలు' అని పేరు పెట్టింది. ఎగతాళికి పెట్టిన ఆ పేరే జనం నోళ్లలో నలిగి, 'పెట్టెలు' రాలిపోయి 'పుబెల్' ఒక్కటీ మిగిలింది.

అసలు దెబ్బ మాత్రం వేరేవాళ్లకు తగిలింది. పారిస్‌లో చెత్త ఏరుకుని బతికేవాళ్లను 'షిఫోనియే' అనేవారు. గుడ్డపేలికలు ఏరే మనిషి అని అర్థం. వీపున పెద్ద బుట్ట, ఒక చేతిలో లాంతరు, రెండో చేతిలో చివర వంకీ ఉన్న కర్ర. చీకట్లో కుప్ప దగ్గర వంగి వంకీతో తిరగేసేవారు. పేలికలు కాగితం మిల్లులకు పోయేవి. ఎముకలు గుండీలు చేసేవారికీ, చక్కెరను శుద్ధి చేసే బొగ్గుకూ పనికొచ్చేవి. పాత ఇనుము, సీసాలు, జుట్టు, దేనికీ కొనేవాడు లేకపోలేదు. కొందరికి ఫలానా వీధి, ఫలానా ఇళ్లు అని వాడుక ఉండేది. తండ్రి తర్వాత కొడుక్కి ఆ ఇళ్లు దక్కేవి.

చెత్త వీధిలో కాకుండా మూత కింద ఉంటే, బండి వచ్చే ముందు ఒక్క క్షణం మాత్రమే బయట కనబడితే, వీళ్లకు మిగిలేదేమిటి? వేల కుటుంబాలు రోడ్డున పడతాయని గగ్గోలు లేచింది. పత్రికలు వాళ్ల పక్షాన రాశాయి. నాకు పుబెల్ మీద గౌరవం ఉంది, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన తప్పు చేశాడనే అంటాను. చెత్తను మూడుగా వేరు చేయమని 22 లక్షల మందికి ఆజ్ఞ వేసిన మనిషి, ఆ పనిని అంతకుముందే రోజూ రాత్రి చేస్తున్న మనుషులను లెక్కలోకి తీసుకోలేదు.

1884 మార్చి 7న సవరించిన ఉత్తర్వు వచ్చింది. బండి వేళకు కనీసం గంట ముందు డబ్బా బయట పెట్టాలి. బండి వెళ్లిన పావుగంటలో లోపలికి తీసుకోవాలి. ఏరుకునేవాళ్లు చెత్తను వీధిలో పోయకూడదు, ఒక గుడ్డ పరిచి దాని మీద పోసి ఏరుకుని, మిగిలింది మళ్లీ డబ్బాలో వేయాలి. ఆ గంటా, ఆ గుడ్డా వాళ్ల ప్రాణం నిలబెట్టాయి. అయినా పాత వైభవం తిరిగి రాలేదు. చాలామంది అప్పటికే పారిస్ కోట గోడల అవతల, సెంత్ వాన్ వైపు మకాం పెట్టి, ఏరిన సామాన్లు అక్కడే అమ్మేవారు. ఇప్పుడు లోకమంతా వెళ్లి చూసే సెంత్ వాన్ పాతసామాన్ల సంతకు మూలం అదే.

డబ్బా మాత్రం నిలిచింది. ఇళ్ల మురుగును భూగర్భ కాలువల్లోకి కలపాలన్న 1894 చట్టం వెనకా పుబెల్ పట్టుదల ఉంది. 1907లో ఆయన పోయాడు. నిలవనిది మూడు డబ్బాల నియమం. తడి, పొడి కలిపేయడమే పారిస్ అలవాటయింది. వంటింటి చెత్తను విడిగా తీసే నియమం మళ్లీ అమల్లోకి వచ్చింది, ఈసారి ఫ్రాన్స్ అంతటా, 2024 జనవరి 1న. మధ్యలో 140 ఏళ్లు పోయాయి.

మన దగ్గరికి వస్తే, డబ్బా ఎవరు కొనాలన్న తగువు ఇంకా తెగలేదు. 2015లో హైదరాబాద్‌లో ఇంటికి రెండేసి డబ్బాలు, ఆకుపచ్చది, నీలిది, ప్రభుత్వమే పంచింది. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'క్లాప్' (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు డబ్బాలు ఇచ్చారు. వాటితో వచ్చిన నెలవారీ రుసుమును జనం 'చెత్త పన్ను' అని పిలిచి మండిపడ్డారు, 2024లో అది రద్దయింది. ఉచితంగా ఇచ్చిన డబ్బాలు చాలా ఇళ్లలో బియ్యానికో, బాత్రూంలో నీళ్లకో పనికొచ్చాయి. ఆ ఇళ్లవాళ్లను నేను తప్పుబట్టను. మంచి డబ్బా ఊరికే వస్తే ఎవరైనా అంతే చేస్తారు. కానీ బండి ఒక్కటే గదితో వచ్చి రెండు డబ్బాల చెత్తనూ కలిపేస్తే, విడదీసిన ఇల్లాలు మర్నాటి నుంచి ఎందుకు విడదీస్తుంది? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరుకునేవారిని కూడా వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. పుబెల్ మొదట మరిచిన ముక్క మన చట్టంలోకి ఎక్కింది, మన వీధుల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు.

నెల కిందట మా వీధికి చెత్తబండితో వచ్చే ఆమె బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టుకుని వచ్చింది. ఏమైందని అడిగితే, "కవర్లో గాజుముక్క ఉందని ఎవరికి తెలుసమ్మా," అంది. చేతులకు తొడుగులు లేవు. అయినా ఆ చేత్తోనే మా కవరూ విప్పి, అరటితొక్కలు ఒకవైపు, పాలప్యాకెట్లు ఒకవైపు వేసింది. పారిస్‌లో గుడ్డ పరిచి చేసిన పనే అది.

గాజు, పింగాణీ పెంకులకు విడిగా డబ్బా పెట్టమని 1883లోనే ఒక ఉత్తర్వు ఉంది. మనం డబ్బా కూడా కొననక్కర్లేదు. రేపు ఉదయం బండి విజిల్ వినబడే ముందు, ఇంట్లో పగిలిన గాజు ఉంటే పాత పేపర్లో రెండు మడతలు చుట్టి, పైన 'గాజు' అని రాసి, ఆమె చేతికి విడిగా ఇవ్వండి.