ఉప్పు రోడ్లు, తుప్పు బళ్ళు, మా మామ పాతాయిలు

మాది ఆళ్ళగడ్డ. కాలేజీ చదువు నంద్యాల, ఉద్యోగం డెట్రాయిట్ పక్కన. ఈ రెండు వైపులా లారీలు ముసలివవడం దగ్గర్నుంచి చూశాను. రెండుచోట్లా చావు తీరే వేరు.

మా వైపు లారీ మీద బేతంచెర్ల బండలు, సిమెంటు, వడ్లు, ఏదైనా సరే పరిమితికి మించే ఎక్కిస్తారు. ఎండలో నల్లమల ఘాటు ఎక్కిస్తారు. ఇంజను రెండుసార్లు బోరింగుకి పోతుంది. గేరుబాక్సు మారుతుంది. కమాను కట్టలు విరుగుతాయి. చెక్క బాడీ పుచ్చిపోతే కొత్తది కట్టిస్తారు. అన్నీ మారినా ఛాసీ మాత్రం అదే ఉంటుంది. ఇక్కడ మిషిగన్‌లో సరిగ్గా తిరగేసి. మా ఆఫీసులో ఒకాయన పికప్ ట్రక్కు సెల్ఫు కొట్టగానే స్టార్టవుతుంది, ఏసీ పనిచేస్తుంది, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. పైకెత్తి మెకానిక్కు స్క్రూడ్రైవరుతో ఛాసీని పొడిస్తే అప్పడంలా లోపలికి దిగిపోయింది. ఇంజను బాగున్న బండిని తుక్కు కింద అమ్ముకున్నాడు పాపం.

నేనూ ఒక పాత పికప్పు కొన్నాను. అందులో నా కూతురు కూర్చుంటుంది. కాబట్టి ఈ తుప్పు చరిత్ర నాకు కాలక్షేపం వ్యవహారం కాదు.

ముందు మన సంగతి. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, గాలీ కావాలి. రాయలసీమలో గాలికి కొదవలేదు గానీ నీళ్ళే కదా కరువు! ఏడాదిలో ఎక్కువ నెలలు ఇనుము పొడిగా ఉంటుంది. నంద్యాల - గిద్దలూరు మధ్య బొగద దగ్గర నల్లమలలో దొరబావి వంతెన అని ఒకటుండేది. 1880లలో మీటరుగేజి రైలు కోసం తెల్లదొరలు కట్టిన ఎత్తైన ఇనుప వంతెన. గేజి మార్పుతో 1990లలో దాని మీద రైళ్ళు ఆగిపోయేదాకా నూరేళ్ళ పైచిలుకు పనిచేసింది. తుప్పు తినేసిందని కాదు, పట్టాల వెడల్పు మారిందని పక్కన పెట్టారు.

ఇక ఉప్పు. ఇదే నాకు నవ్వొచ్చే సంగతి. మా ప్రాంతానికి ఉప్పు కోస్తా నుంచి రావాలి. రైలు రాకముందు లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని కనుమలు దాటించి లోపలి సీమలకి తెచ్చేవాళ్ళు. నంద్యాల నుంచి తూర్పుకి నందికనుమ అట్లాంటి దారే. పైగా 1805 నుంచి మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం. చిటికెడు ఉప్పుకి పన్ను కట్టిన జాతి మనది, 1930లో దానికోసం జైళ్ళకి కూడా పోయాం. అలాంటి ఉప్పుని లారీలకెత్తి రోడ్డు మీద పారబోస్తారని మా అవ్వకి ఫోన్లో చెబితే నమ్మలేదు. "తినేదాన్ని తొక్కుతారా" అంది.

తొక్కుతారు. అయితే ఇది అనాది ఆచారమేమీ కాదు. కార్లు వచ్చిన కొత్తలో మంచు మీద ఇసుక, బొగ్గు కసుగు చల్లేవాళ్ళు, చక్రాలకి గొలుసులు చుట్టుకునేవాళ్ళు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 1938లో ప్రయోగంగా ఉప్పు చల్లింది, 1941-42 చలికాలానికి దాన్ని పద్ధతిగా పెట్టుకుంది. ఆ ఏడు అమెరికా మొత్తం రహదారుల మీద పడిన ఉప్పు 5,000 టన్నులు. ఇప్పుడు ఏటా రెండు కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంది. మధ్యలో ఏం జరిగింది? యుద్ధం అయ్యాక ప్రతి ఇంటికీ కారు వచ్చింది, 1956 చట్టంతో పెద్ద హైవేలు వచ్చాయి, చలికాలంలోనూ రోడ్డు నల్లగా కనబడి తీరాలన్న పట్టు వచ్చింది. మా డెట్రాయిట్‌కైతే ఉప్పు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఊరి కిందే సుమారు 1,100 అడుగుల లోతున గని ఉంది. 1910 ప్రాంతం నుంచి తవ్వుతున్నారు, 1983లో మూతపడి మళ్ళీ తెరుచుకుంది. అంటే కార్లు తయారుచేసిన ఊరే కార్లని తినే ఉప్పునీ తవ్వుతోందన్నమాట :)

ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. సరిపాళ్ళలో కలిస్తే మైనస్ 21 దాకా ద్రవంగానే ఉంటుంది. రోడ్డుకి అదే మేలు, బండికి అదే కీడు. మంచుగడ్డ ఇనుముని పెద్దగా ఏమీ చెయ్యదు, ఉప్పునీరు చేస్తుంది. అందులో కరెంటు బాగా పారుతుంది, క్లోరైడు ఇనుము పైనున్న పలచటి రక్షణ పొరని చిల్లులు పొడుస్తుంది. మరీ చలి ఎక్కువైతే ఉప్పు పనిచెయ్యదని క్యాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు చల్లుతారు. అవి గాలిలో తేమని తామే లాక్కుని ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. ఇంకో తమాషా: రాత్రి బండిని వెచ్చటి గరాజులో పెడితే దానికి సేవ చేస్తున్నామనుకుంటారు చాలామంది. బయట గడ్డకట్టి ఊరుకునే ఉప్పు బురద లోపల కరిగి, ఆ వెచ్చదనంలో ఇంకా జోరుగా పనిచేస్తుంది. కడగకుండా లోపల పెట్టడం కంటే బయటే వదిలెయ్యడం నయం.

మరి విరుగుడు? 1959లో కర్ట్ జీబార్ట్ అనే జర్మన్ మెకానిక్కు డెట్రాయిట్‌లోనే ఒక పద్ధతి కనిపెట్టాడు. తలుపుల్లో, గుంజల్లో రంధ్రాలు చేసి, సన్నటి గొట్టంతో లోపలికి తుప్పు నిరోధకం చిమ్మి, రంధ్రాలకి బిరడాలు పెట్టడం. ఆలోచన సరైనదే, ఎందుకంటే తుప్పు పుట్టేది కనబడే చోట కాదు. అది పెద్ద వ్యాపారమైంది. 1970ల్లో ఎర్రజుట్టు కార్టూన్ బొమ్మతో రస్టీ జోన్స్ అని ఇంకొకటి ఊరూరా వెలిసింది. తర్వాత కార్ల కంపెనీలే మేలుకున్నాయి. బాడీ మొత్తాన్ని రంగు తొట్టెలో ముంచి కరెంటుతో పూత పట్టించే పద్ధతి 1960ల్లో ఫోర్డు మొదలుపెట్టింది, జింకు పూసిన రేకులు 1980ల్లో మామూలయ్యాయి. దాంతో బయటి రేకులు బాగుపడ్డాయి, విడిగా తుప్పు మందు కొట్టే దుకాణాల గిరాకీ పడిపోయింది.

గిరాకీ పడిపోతే వచ్చేవి మాయలు. బండికి ఒక డబ్బా తగిలిస్తే కరెంటుతో తుప్పు ఆపేస్తుందని అమ్మారు. 1990ల్లో అమెరికా ఎఫ్‌టీసీ అలాంటి ఒకదాని మీద చర్య తీసుకుంది. దీనివెనక సైన్సు లేకపోలేదు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున రాగి రేకుకి జింకు, ఇనుము ముక్కలు తగిలించి రాగి తినకుండా ఆపాడు. కాకపోతే ఓడ మొత్తం సముద్రంలో మునిగి ఉంటుంది, వలయం పూర్తవుతుంది. గాలిలో తిరిగే బండి మీద అక్కడో చుక్క ఇక్కడో చుక్క. ఆ డబ్బా దేనికి రక్షణ ఇస్తుంది, అది తగిలించిన చోటికా?

రేకులు బాగుపడ్డాయన్నాను గదా, ఛాసీల సంగతి వేరు. టొయోటా వాళ్ళ టకోమా పికప్పులు (1995-2000 మోడళ్ళు) ఛాసీలు తుప్పుకి చిల్లులు పడ్డాయి. 2008లో కంపెనీ 15 ఏళ్ళ వారంటీ ఇచ్చి, బాగుచెయ్యలేనివాటిని మార్కెట్ ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి కొంది. ఆ తర్వాతి మోడళ్ళ మీద మళ్ళీ కోర్టుకెక్కితే 2016లో 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యే రాజీకి ఒప్పుకుంది. టొయోటా అంత పేరున్నవాళ్ళే!

ఇక్కడ మన లారీని ఒకసారి పక్కన పెట్టి చూడండి. టాటా, లేలాండు లారీల ఛాసీ తెరిచి ఉన్న దూలం. ఒకవైపు గోడ లేదు. బురద పడితే కనబడుతుంది, నీళ్ళ పైపు పెడితే పోతుంది, కుంచె పెడితే అందుతుంది. పికప్పు ఛాసీలో చాలా భాగం నాలుగు వైపులా మూసిన గొట్టం. గట్టిదే, తేలికదే, కంప్యూటర్లో లెక్కలన్నీ బ్రహ్మాండంగా వస్తాయి. కానీ లోపలికి పోయిన ఉప్పు బురద బయటికి రాదు, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. సాఫ్ట్‌వేరులో కూడా తెరిచి చూడలేని ముక్కే చివరికి కొంప ముంచుతుందని మా వాళ్ళు ఒప్పుకుంటారు గానీ, సరే, అది వేరే గొడవ.

మా మేనమామకి ఆళ్ళగడ్డలో ఒక లారీ ఉండేది. చీరాల, చినగంజాం వైపు పోయినప్పుడు వెనక్కి ఖాళీగా రావడం ఎందుకని ఉప్పు లోడు ఎత్తుకొచ్చేవాడు. ఆ లోడంటే ఆయనకి అసహ్యం. కింద టార్పాలిను పరిచి, దాని మీద గడ్డి, ఆపైన బస్తాలు. దించిన రోజే బండిని కాలువ దగ్గర కడగందే ఇంటి దగ్గర ఆపేవాడు కాదు. కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇంజనులోంచి తీసిన పాతాయిలుని ఛాసీకి కుంచెతో పూయించేవాడు. "రెడ్డాక్సైడు కొట్టి వదిలేస్తే పోదా మామా" అంటే, "రంగు పగిల్తే కింద నీళ్ళు నిలుస్తాయిరా. ఆయిలు పగల్దు, జారి మూసుకుంటుంది" అన్నాడు.

ఇంత చదివినా దీనికంటే సూటిగా చెప్పిన మాట నాకు దొరకలేదు. గట్టిగా ఆరిపోయే నల్లటి రబ్బరు పూత కొత్తలో చూడ్డానికి బాగుంటుంది. ఓ రాయి తగిలి పగులుతుంది, పగులులోంచి ఉప్పునీరు దూరుతుంది, పూత కింద ఆరకుండా ఉంటుంది. పైకి నున్నగా, లోపల పొరలు పొరలుగా. ఆరని నూనె కాస్త కాస్త పాకుతుంది, గీత పడినా మళ్ళీ కప్పుకుంటుంది. కాకపోతే కొట్టుకుపోతుంది, ఏటా మళ్ళీ వెయ్యాలి. కెనడాలో చలికాలం ముందు ఏటేటా బండి అడుగున నూనె కొట్టించుకోవడం మామూలు అలవాటు, అదే పనిగా పెట్టుకున్న దుకాణాలున్నాయి. మనవాళ్ళకి ఇది కొత్తా? బండి ఇరుసుకి కందెన ఒక్కసారి వేసి ఊరుకున్న రైతు ఉన్నాడా? మామిడికాయ కోసిన కత్తిపీటని తుడిచి నూనె రాయకుండా మూలన పెట్టిన అమ్మ ఉందా?

నా పికప్పు అమ్మినవాళ్ళు (పేరు అనవసరం) "జీవితకాలం గ్యారంటీ" పూత అని ఎనిమిది వందల డాలర్లు అదనంగా అడిగారు. కాగితం వెనక చిన్నక్షరాల్లో ఏడాదికోసారి తెచ్చి చూపించకపోతే గ్యారంటీ చెల్లదని ఉంది. ఏటా రావాలంటే ఏటా నూనే కొట్టించుకోవచ్చు కదా అని వద్దన్నాను.

అసలు లెక్క ఎవరు కడుతున్నారన్నదే నాకు మింగుడుపడని విషయం. ఉప్పు వల్ల ప్రమాదాలు తగ్గుతాయి, నేను కాదనను, మంచు మీద బండి జారడం అనుభవమే. కానీ ఉప్పు ఖర్చు మాత్రమే బడ్జెట్లో కనబడుతుంది, తుప్పు ఖర్చు కోట్ల ఇళ్ళలో ఎవరికి వారు చీకట్లో కడతారు. జనరల్ మోటార్స్ పాత పికప్పులకి బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి పగిలిపోతున్నాయని ఫిర్యాదులొస్తే, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి విచారించి 2015 ఏప్రిల్‌లో మూసేసింది. దాదాపు 50 లక్షల బళ్ళ వ్యవహారం. ఇది తయారీ లోపం కాదు, ఉప్పు రాష్ట్రాల్లో పాతబడ్డ బళ్ళకి వచ్చేదే, అడుగు భాగం కడుక్కోండి, గొట్టాలు చూపించుకోండి అని సలహా ఇచ్చింది. సర్కారు ఉప్పు చల్లింది, కంపెనీ గొట్టం వేసింది, బ్రేకు తొక్కేది మాత్రం మనం. బాధ్యత ఎవరి మీద పడిందో చూశారుగా.

అందుకే ఇక్కడున్న మనవాళ్ళకి, ముఖ్యంగా ఎండిన ఊళ్ళ నుంచి వచ్చిన మా రాయలసీమ పిల్లలకి చెబుతున్నాను. సెకండ్‌హాండ్ బండి కొనేముందు పైన రంగు చూడకండి, పైకెత్తించి బ్రేకు గొట్టాలు, వెనక చక్రాల దగ్గర ఛాసీ చూడండి. మామలాగా పాత ఇంజనాయిలు మాత్రం పుయ్యకండి. అందులో ఆమ్లాలు, లోహపు మురికి ఉంటాయి, కారి నేలలోకి పోతుంది, ఇక్కడ నేరం కూడా. రబ్బరు బుష్షుల్ని కూడా ఉబ్బిస్తుంది. నేను వాడేది గొర్రె ఉన్నిలోంచి తీసిన కొవ్వుతో చేసింది. మన వైపు కంబళి మీద వాన చుక్క జారిపోయేది ఆ కొవ్వు వల్లే.

అక్టోబరులో, ఉప్పు లారీలు ఇంకా రోడ్డెక్కకముందు, రెండు రోజులు వాన లేకుండా చూసి అడుగంతా కడిగి, బాగా ఆరనిచ్చి, ఛాసీ గొట్టాల్లోకి పొడవాటి నాజిలుతో కొట్టండి. నీళ్ళు కారడానికి కింద వదిలిన రంధ్రాలుంటాయి, వాటిని మూసెయ్యకండి. బ్రేకు డిస్కులకీ ఎగ్జాస్టుకీ తగలనివ్వకండి. రెండు రోజులు గొర్రెల దొడ్డి వాసన వస్తుంది, ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి :)