మన్యపు జ్వరమును లెక్కించిన కథ

అరకు లోయ మొదలుకొని జయపురపు కొండల వరకు వ్యాపించిన మన్నెమునకు బదిలీ యనగనే మైదానపు ఉద్యోగి బెదరినది పులికి గాదు, చలిజ్వరమునకు. ఆ జ్వరతీవ్రతను కొలుచుటకు వైద్యులు చేపట్టిన కొలబద్ద బిడ్డల కడుపులో పెరిగిన ప్లీహము, మన పల్లెలవారు ‘బల్ల’ యనునది. 1840 దశకమున ఉత్తరదేశపు కాలువల వెంబడి డెంప్‌స్టర్ అను వైద్యుడు ఆరంభించిన ఈ పద్ధతినే అనుసరించి, నాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే యైన జయపురపు ఏజెన్సీలోని మలేరియాను గూర్చి పెర్రీ అను వైద్యుడు 1914లో నివేదిక ప్రకటించెను. 1930 దశకమున బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా శాస్త్రజ్ఞుడైన సీనియర్-వైట్, సెలయేళ్ల అంచులలో పుట్టు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను దోమనే ప్రధాన దోషిగా నిరూపించెను.

ఒక ఊర నలువదిమంది బిడ్డలను తడిమి చూడగా ముప్పదిమందికి బల్ల కనబడినదనుకొందము. లేనివాడొకడైనచో ఉన్నవారు మువ్వురు. ఈ మూడు అను నిష్పత్తికి లాగరిథమ్ తీసి, దానిని ఊరి యెత్తునకో సెలయేటి దూరమునకో సరళరేఖగా ముడివెట్టుటయే లాజిస్టిక్ ప్రతిగమనము. శాతమునకే నేరుగా గీత గీచినచో అది నూటిని దాటిపోవుటయో, సున్నకు దిగువకు జారుటయో తప్పదు. గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ జనాభా వృద్ధికై ఊహించి, 1845లో ‘లాజిస్టిక్’ అని పేరిడిన వక్రరేఖను వైద్యవిషయములకు మలచి, 1944లో ఈ లాగరిథమునకు ‘లాజిట్’ అని నామకరణము చేసినవాడు అమెరికాలోని మేయో క్లినిక్ గణాంకవేత్త బెర్క్‌సన్. అయితే బిడ్డలందరికిని బల్ల యున్న ఊరికి లాజిట్ అనంతమగును; అట్టి ఊళ్లు మన్నెమున అరుదు గావు! ఊరూరి లాజిట్‌నే నేరుగా వాడు బెర్క్‌సన్ మార్గమున దానికి ఏదోయొక సవరణ చేయవలసియుండగా, గణాంకవేత్త ఫిషర్ చెప్పిన గరిష్ఠ సంభావ్యతా పద్ధతి అట్టి యూరిని సైతము లెక్కలో నిలుపుకొనగలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థను చేరిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు, ఈ రెండు పద్ధతుల తగవున ఫిషర్ పక్షమునకు ద్వితీయశ్రేణి దక్షత యను బలమైన వాదమును 1961లో సమకూర్చెను. కొండదిగువన చదివిన విద్య కొండమీది లెక్కకు ఉపకరించుట నాకు ముచ్చటగొల్పును.

ఒకే సెలయేటి దోమలు కుట్టిన బిడ్డలు పరస్పరము స్వతంత్రులు గారు గనుక, ఊళ్ల నడుమ తారతమ్యము వారిని స్వతంత్రులనుకొన్న సూత్రము చెప్పినదానికన్న మిక్కుటముగ నుండును. దీనిని గణింపనివాడు తన ఫలితమును అనర్హమైన ధీమాతో ప్రకటించును.

ఊరూర తడిమిన లెక్కకు మారుగా ఆసుపత్రి పట్టికను నమ్ముకొన్నచో, దానికి ఇంతకన్న పెద్దలోపము కలదు. ఆసుపత్రికి చేరినవారు జనమునకు ప్రతిబింబము గారని 1946లో బెర్క్‌సనే హెచ్చరించెను. డోలీలో మోయగల మనుషులున్న రోగి మాత్రమే రిజిస్టరునకెక్కు చోట ఈ హెచ్చరిక మరింత వర్తించును. ఎందరిలో ఎందరని చెప్పగలిగిన పెర్రీ నాటి ఊరి లెక్క, ఎందరు వచ్చిరని మాత్రమే చెప్పు నేటి ఆసుపత్రి లెక్కకన్న మేలైనదని నా నిర్ణయము.